గాజుబిళ్ళ మీద నా కండ

పొద్దున మెలకువ రాగానే నేను కళ్ళు తెరవను. ముందు కుడికాలి బొటనవేలు కదిపి చూసుకుంటాను. అది కదిలితే ఎడమకాలిది. తర్వాత చేతివేళ్ళు. అన్నీ మాట వింటున్నాయని తేలాకే కళ్ళు తెరుస్తాను. జబ్బు అదుపులోకి వచ్చి ఏళ్ళయింది, డాక్టర్లు ఇక భయం లేదన్నారు. వేళ్ళకు ఆ సంగతి తెలుసు, నాకే ఇంకా నమ్మకం కుదరలేదు.

రాత్రి ఆరోగ్యంగా పడుకున్న మనిషి తెల్లారేసరికి కొయ్యలా పడి ఉండటం, మళ్ళీ సాయంత్రానికి లేచి తిరగటం, ఇలాంటి జబ్బు ఒకటుందని మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మా రెండిళ్ళ మధ్య అంత జరిగేది కాదు. ఇప్పుడు కూడా ఏ ఊళ్ళోనో ఎవరో ఇలా పడి ఉండి, చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరినొకరు అనుమానించుకుంటూ ఉంటారేమో. వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. నిజం చెప్పాలంటే సగం నా కోసమే రాస్తున్నాను.

పంతొమ్మిది వందల అరవై ఆరు, శ్రావణం

నేను రేపల్లెలో ఒక బియ్యం మిల్లులో గుమస్తాని. మా ఊరు అమృతలూరు దగ్గర. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ, నేను, కాస్త మాగాణి. ఆ ఏడు వైశాఖంలో బాపట్ల సంబంధం చేసుకున్నాను. నా భార్య సామ్రాజ్యం వాళ్ళమ్మకీ నాన్నకీ ఒక్కతే కూతురు. ఆషాఢమంతా కొత్త అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు కాబట్టి ఆగి, శ్రావణం రాగానే మామగారు స్వయంగా వచ్చి పిలిస్తే వెళ్ళాను.

మా అత్తగారిది తక్కువ మాటల స్వభావం. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అల్లుడితో ఎదురుపడి మాట్లాడటానికి మొహమాటం. ఆవిడకున్న ఆపేక్షంతా గరిటెలోంచి వచ్చేది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే రెండోపక్కనుంచి వడ్డించేది. ఆ రోజు బొబ్బట్లు, పరమాన్నం, పులిహోర, గారెలు. బొబ్బట్టు మీద నెయ్యి కాలువ కట్టింది.

"ఇంకొక్కటి వేసుకోండి బాబూ, చిన్నదే."

"వద్దండి, ఇక పట్టదండి."

"మిల్లులో మెతుకులు లెక్కబెట్టి తింటారంట గదా, అమ్మాయి చెప్పింది. ఇక్కడన్నా తినండి."

నేనూ తక్కువ తినలేదు. కొత్త అల్లుణ్ణి, పాతికేళ్ళు కూడా లేవు, మెస్సు సాంబారుతో నాలుక చచ్చి ఉంది. మధ్యాహ్నం తిన్నది చాలక రాత్రి కూడా అదే తిని పడుకున్నాను.

తెల్లారి లేవబోతే కాళ్ళు రాలేదు. ఎవరో వంద కిలోల బియ్యం బస్తా తొడల మీద వేశారనిపించింది. చేత్తో తోసేద్దామంటే చెయ్యీ లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. పిక్క మీద చీమ పాకుతుంటే దాని ఆరు కాళ్ళూ తెలుస్తున్నాయి, దాన్ని దులపటం మాత్రం నా వల్ల కాలేదు. నోరు బాగానే ఉంది.

"సామ్రాజ్యం, కాళ్ళు రావట్లేదే."

"రాత్రి తిన్నదంతా ఎక్కడికి పోతుందండీ, బరువుగా ఉంటాయి మరి," అని నవ్వి నా చెయ్యి పట్టుకుని లేపబోయింది. వదిలితే తడిబట్టలా కింద పడింది. అప్పుడు తన మొహంలో నవ్వు పోయింది. ఆ మొహం చూశాకే నాకు అసలు భయం వేసింది.

వీధి వీధంతా వచ్చి చూసింది. వాతమన్నారు, గాలి సోకిందన్నారు. అత్తగారు నా తల పక్కన కూర్చుని పంచదార పాలు చెంచాతో పట్టింది. కాళ్ళలోకి సత్తువ రావాలి బాబూ, తాగండి అని బతిమాలి గ్లాసు ఖాళీ చేయించేది, మళ్ళీ తెచ్చేది. పొద్దు వాలుతుండగా వేళ్ళు కదిలాయి, తర్వాత మోచేతులు, చివరికి కాళ్ళు. దీపాల వేళకు గోడ పట్టుకుని అరుగు మీదకు నడిచాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూట మళ్ళీ పరమాన్నమే.

దసరాకు వెళ్ళినప్పుడూ అంతే. దీపావళికీ అంతే.

అరవై ఆరు చివర, అరవై ఏడు మొదలు

మా అమ్మ తెలివిగల మనిషి. ఒంటిచేత్తో వ్యవసాయం చేయించింది, కౌలుదార్లను గడగడలాడించింది. జరిగినదాన్ని ఒక వరసలో పెట్టి చూసింది.

"రేపల్లెలో ఉన్నన్నాళ్ళు నీకేం రాదు. ఇక్కడికొచ్చి నా దగ్గర పూట తిని పోతే ఏం రాదు. బాపట్ల వెళ్ళినప్పుడే ఎందుకు పడతన్నావురా?"

"ఏమో అమ్మా."

"ఏమో ఏంటి? మందు పెట్టింది మీ అత్త. కొడుకుల్లేరు. నిన్ను ఇల్లరికం లాక్కోవటానికి పెట్టింది."

మందు పెట్టడమంటే మా వైపు వాళ్ళకు వివరించక్కర్లేదు. మనిషిని చెప్పుచేతల్లో ఉంచుకోవటానికి తిండిలో ఏదో కలిపి పెడతారని, అది కడుపులో గడ్డకట్టి మనిషిని తినేస్తుందని నమ్మకం. దాన్ని కక్కించేవాళ్ళు కూడా ఉంటారు. నేను నమ్మలేదు, అలాగని గట్టిగా కాదనటానికి నా దగ్గర వేరే కారణమూ లేదు. రేపల్లె అవతల కృష్ణ ఒడ్డున ఒక లంక ఊళ్ళో ఉన్న మనిషి దగ్గరకు అమ్మ తీసుకెళ్ళింది. ఏదో ఆకు పసరు తాగించాడు. పేగులు బయటకొచ్చేలా కక్కాను. అతను పుల్లతో ఆ కక్కు కెలికి, వెంట్రుకల ఉండలాంటిది పైకెత్తి, ఇదిగో అన్నాడు. నా కళ్ళకు అది తోటకూర పీచులా ఉంది. అమ్మ మాత్రం దాన్ని చూసి ఏడ్చింది.

ఇంటికొచ్చాక నీరసం పోవాలని అమ్మ సున్నుండలు చుట్టి పెట్టింది, వేడన్నంలో నెయ్యీ బెల్లమూ కలిపి తినిపించింది. మర్నాడు మా ఇంట్లోనే పడిపోయాను.

"వేరు లోపలే ఉండిపోయింది," అంది అమ్మ. ఇంకో రెండు సున్నుండలు నలిపి నోట్లో పెట్టింది.

అరవై ఏడు, వేసవి

కోతలు, నూర్పుళ్ళు అయిపోయి మిల్లుకు సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. సామ్రాజ్యం అప్పటికి మా అమ్మ దగ్గర ఉంటోంది. అమ్మ తనను పొయ్యి ముట్టుకోనివ్వడం లేదని నాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఆ వారంలో ఒక పెళ్ళి భోజనం తిన్నాను. తెల్లారేసరికి పడ్డాను.

ఈసారి ఆలస్యం చేయకూడదని అమ్మ అమృతలూరు నుంచి ఒక కాంపౌండరును పిలిపించింది. ఆయన మంచి ఉద్దేశంతోనే వచ్చాడు. నీరసం అని తేల్చి, దూలానికి గ్లూకోజు సీసా కట్టి నరానికి ఎక్కించాడు. సీసా దిగుతున్నకొద్దీ నాలో మిగిలి ఉన్నది కూడా దిగిపోయింది. అంతవరకు మెడ తిప్పగలిగేవాణ్ణి, ఇప్పుడు అదీ పోయింది. మాట గుసగుసయింది. ఊపిరి చిన్న చిన్న గుక్కలుగా మారింది. గుండెల్లోకి గాలి లాగాలంటే అదొక పని, ఆ పని నేనే చేయాలి, మరిచిపోతే ఆగిపోతుంది. ఆ గంటలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

ఎవరో నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, "ఇక మంచం మీద ఉంచకండి," అన్నారు.

మంచం మీద ప్రాణం పోకూడదు కదా. నలుగురు ఎత్తి కింద చాప మీద పడుకోబెట్టారు. గచ్చు చల్లదనం వీపుకు తెలిసింది. అమ్మ ఏడుపు వినిపిస్తోంది. తులసినీళ్ళు నోట్లో పోశారు, మింగలేకపోయాను. అవి గొంతుకు అడ్డం పడితే అక్కడితో సరి అని తెలుసు, చెప్పే దారి లేదు. సామ్రాజ్యం వచ్చి నా మొహం పక్కకు తిప్పి నీళ్ళు బయటకు పోనిచ్చింది.

"పోయకండి. ఆయన చూస్తన్నారు. కళ్ళు చూడండి, మనం ఎటెళ్తే అటు చూస్తన్నారు," అంది.

మధ్యాహ్నానికి కబురందుకుని అత్తగారూ మామగారూ వచ్చారు. గుమ్మంలోనే అమ్మ ఎదురెళ్ళింది.

"వదినా, నీకు దణ్ణం పెడతాను. ఏం పెట్టావో చెప్పు. విరుగుడు చేయించుకుంటాను. నా కొడుకును నాకిచ్చెయ్యి."

మామగారు ఏదో అనబోతే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది. తిన్నగా దేవుడి గూటి దగ్గరకు వెళ్ళి, కర్పూరం ముద్ద తీసుకుని కుడి అరచేతిలో పెట్టుకుని వెలిగించింది. నేను నేల మీద ఉన్నాను కాబట్టి నాకు ముందు ఆవిడ పాదాలు కనిపించాయి, తర్వాత ఆ మంట.

"నా చేత్తో ఈ బాబుకు కీడు చేసే వస్తువేదన్నా పెట్టి ఉంటే, నా బిడ్డ నాకు దక్కకుండా పోవాలి."

వద్దండి అన్నాను. పెదాలు కదిలాయో లేదో కూడా తెలియదు. ఎవరూ వినలేదు. చెయ్యెత్తి ఆ మంటను ఒక్క దెబ్బ కొడితే చాలు. నా చెయ్యి నా పక్కనే ఉంది, కండ ఉంది, ఎముక ఉంది, అది నాది కానట్టు పడుంది. ఆవిడ పిడికిలి మూసింది. మంట ఆరింది. కర్పూరం వాసనలో ఇంకో వాసన కలిసింది. ఆవిడ మొహంలో మాత్రం ఏమీ మారలేదు. పిడికిలి అలాగే మూసుకుని బయటకు వెళ్ళి బస్సు కోసం రోడ్డు మీద నిలబడింది. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు.

అరవై ఎనిమిది

ఆ వేసవిలో పడ్డవాణ్ణి మర్నాటికి లేచాను. లేచినా ఇల్లు లేవలేదు. ప్రమాణం చేసినా అమ్మ నమ్మలేదు. సామ్రాజ్యాన్ని పుట్టింటికి పంపించేసింది. పెద్దమనుషులు తెనాలిలో కూర్చుని తెగతెంపుల మాట ఎత్తారని, మామగారు తల దించుకుని విన్నారని తెలిసింది. నేను ఒప్పుకోనన్నాను. నీ ప్రాణం కంటే పెళ్ళాం ఎక్కువా అంది అమ్మ. ఆ ప్రశ్నకు నాకు కోపం వచ్చింది, దుఃఖమూ వచ్చింది.

ఒకనాడు రేపల్లె స్టేషనులో తెనాలి బండి దిగి, రేకుపెట్టె పట్టుకుని సామ్రాజ్యం ఒక్కతే నా గదికి వచ్చింది. కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"నేను వంట చెయ్యను. మీ ఎసరు మీరే పెట్టుకోండి, మీరే వార్చుకోండి. నేను గిన్నె ముట్టుకోను, చూస్తా కూర్చుంటాను. అప్పుడు కూడా పడితే మా అమ్మ మీద ఆ మాట తీసెయ్యాలి."

"పడకపోతే?"

"పడకపోతే నేనే వెళ్ళిపోతాను."

అలా మా కాపురం మొదలైంది. నాకు కూర చేయడం రాదు. పప్పు ఒకరోజు ఉడికేది, ఒకరోజు రాళ్ళలా ఉండేది. తను మూల కూర్చుని నవ్వాపుకునేది, ఉప్పెంతో కూడా చెప్పేది కాదు. పడలేదు నేను. రోజులు గడుస్తున్నకొద్దీ తన నవ్వు తగ్గిపోతూ వచ్చింది. ఒక ఆదివారం మిల్లులో బస్తాల లెక్క చూసి అలిసిపోయి వచ్చి, కూర జోలికి పోకుండా పెద్ద గిన్నెడు అన్నం వండి, బెల్లమూ నెయ్యీ పోసి కలిపి, గిన్నె అడుగు కనిపించేదాకా తిని పడుకున్నాను.

పొద్దున బొటనవేలు కదల్లేదు.

"సామ్రాజ్యం, పడ్డాను."

తను నా పక్కన కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. భర్త పక్షవాతం వచ్చినట్టు పడి ఉంటే సంతోషంతో ఏడ్చిన మనిషి ఇంకొకరు ఉండరేమో. తర్వాత కళ్ళు తుడుచుకుని, మిల్లు హమాలీలను పిలిచి, నన్ను రిక్షాలోకీ రైలు పెట్టెలోకీ ఎక్కించింది. పడి ఉండగానే డాక్టరుకు చూపించాలట. ఇన్నిసార్లు పడినా ఆ ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

తెనాలిలో డాక్టరుగారి హాలు నిండా జనం. నన్నొక బెంచీ మీద పడుకోబెట్టి సామ్రాజ్యం పేరు రాయించటానికి వెళ్ళింది. ఒక ఈగ వచ్చి నా కనురెప్ప మీద వాలింది. రెప్ప ఆడిస్తే ముక్కు మీదకు, అక్కణ్ణుంచి పెదవి మీదకు. దాన్ని ఊదగలనంతే. హాలులో వాళ్ళంతా నన్ను చూసి చూడనట్టు తలలు తిప్పుకున్నారు. నిజాంపట్నం వైపు నుంచి వచ్చిన చేపలు పట్టే పల్లెకారుల్లో ఒక ముసలావిడ, తన జబ్బుతో తనే వగరుస్తూ, లేచి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. కొంగుతో విసరటం మొదలుపెట్టింది. వంకరగా వేలాడుతున్న నా పాదాన్ని ఎత్తి సరిగ్గా పెట్టింది.

"ఎంతసేపట్నుంచి నాయనా?"

"పొద్దున్నుంచమ్మా."

"వస్తాయిలే కాళ్ళు. ఎక్కడికి పోతాయి," అంది. తన వంతు వచ్చి పిలిచినా లేవలేదు. సామ్రాజ్యం తిరిగొచ్చాకే వెళ్ళింది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరుగారు సుత్తిలాంటిదాంతో నా మోకాలి కింద కొట్టారు. కాలు ఎగరలేదు. ఇంకో కాలు, మోచేయి, ఎక్కడా చలనం లేదు. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని అడిగారు.

"రాత్రి ఏం తిన్నావు?"

రెండేళ్ళుగా అందరూ ఎవరు పెట్టారని అడిగారు. ఏం తిన్నావని అడిగిన మొదటి మనిషి ఆయనే. నేను చెప్పాను. అంతకు ముందు పడినప్పుడల్లా ఏం తిన్నానో సామ్రాజ్యం చెప్పింది, శ్రావణం బొబ్బట్ల దగ్గర్నుంచి అన్నీ. ఆయన వింటూ తలూపి, గుంటూరు పెద్దాసుపత్రిలో తనకు తెలిసిన ఒక పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్ళమన్నారు.

గుంటూరు

అక్కడ నాకు కావాలనే గ్లూకోజు తాగించి, నేను పడేదాకా కూర్చుని, పడ్డాక రక్తం తీశారు. నా ఒప్పుదలతోనే చేశారు. అయినా నీళ్ళలోకి తోసేముందు చెప్పి తోసినట్టుంది. ఇంకో రోజు తొడకు మొద్దుబారే సూది వేసి, కండలోంచి చిన్న ముక్క కోసి తీశారు. చిక్కుడుగింజంత కూడా లేదు. ఎర్రగా, మాంసం కొట్లో కనిపించే ముక్కలాగే ఉంది. నా అంతటివాడు కూడా మాంసమే అని ఆ రోజు అర్థమైంది.

కొన్నాళ్ళకు మళ్ళీ వెళ్ళినప్పుడు పెద్ద డాక్టరుగారు నా కండ ముక్కను గాజుబిళ్ళ మీద పెట్టి, నన్ను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టారు.

"చూడవయ్యా, ఇది నువ్వే."

మొదట నా కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. తర్వాత గులాబి రంగు వెలుగు. అందులో పక్కపక్కనే పరిచిన పొడుగాటి పోగులు. ఒక్కో పోగుకూ అడ్డంగా సన్నని చారలు, ఒకటి ముదురు, ఒకటి లేత, మళ్ళీ ముదురు, మళ్ళీ లేత. ఎక్కడా వరస తప్పలేదు. అంత పొందికగా నాలో ఏదైనా ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన తన రెండు చేతుల వేళ్ళూ ఎదురెదురుగా పెట్టి, ఒక చేతి వేళ్ళ మధ్యకు రెండో చేతి వేళ్ళు జరిపి చూపించారు. ఒక్కో పోగు లోపల, ముదురు చారల్లో లావు పోగులుంటాయి, వాటి పేరు మయోసిన్. లేత చారల్లో సన్నపోగులు, యాక్టిన్. రెండూ మాంసకృత్తులే. చెయ్యి ఎత్తినప్పుడు కండ ముడుచుకుంటుందని అనుకుంటాం, నిజానికి ఆ పోగుల్లో ఏదీ కురచ అవదు. లావువి పట్టుకుని లాగితే సన్నవి మధ్యలోకి జారతాయి, అంతే. ఇలా కోట్ల చోట్ల ఒక్కసారిగా జారితే ఒక వేలు కదులుతుంది.

"మరి నావి తెగిపోయాయాండి?"

"లేదు. అన్నీ బాగున్నాయి. అక్కడక్కడ ఖాళీ గుంటలు కనిపిస్తన్నాయి చూడు, అది నీ జబ్బు గుర్తు. పోగులకు బలముంది, కదలమన్న మాటే వాటికి చేరట్లేదు. రక్తంలో పొటాషియం అని ఒక ఉప్పు ఉంటుంది. నువ్వు తీపీ అన్నమూ ఎక్కువ తిన్నప్పుడు అది రక్తంలోంచి కండల్లోకి వెళ్ళిపోతుంది. అప్పుడు నరం పిలుస్తుంది, కండ పలకదు. పుట్టుకతో వచ్చిన గుణం ఇది. ఎవరూ పెట్టింది కాదు."

చివరి మాట ఆయన మామూలుగానే అన్నారు. వెనక నిలబడ్డ సామ్రాజ్యం నా భుజం పట్టుకుంది, వేళ్ళు గుచ్చుకునేంత గట్టిగా.

నేను ఇంకోసారి సూక్ష్మదర్శినిలోకి చూశాను. ఆ ముక్క అక్కడే ఉంది. చారలన్నీ ఉండి, ఏ పిలుపూ అందకుండా. నేను రోజూ లేచి తిరుగుతున్నా, నాలోది ఒకటి గుంటూరులో గాజుబిళ్ళ మీద లేవకుండా పడుకునే ఉంది. కొన్ని పొద్దుల్లో నేనెక్కడున్నానో తెలియక, ఆ బిళ్ళ మీద ఉన్నది నేనేనేమో అనిపిస్తుంది.

ఆ తర్వాత

మందు చేదుగా ఉప్పగా ఉంటుంది, నీళ్ళలో కలుపుకుని తాగుతాను. అన్నం కొలిచినట్టు తక్కువ, పప్పూ కూరా మజ్జిగా ఎక్కువ. తీపి ముట్టను. పెళ్ళిళ్ళలో నా విస్తరి చూసి జాలిపడేవాళ్ళకు కొదవలేదు.

అమ్మకు అంతా వివరించి చెప్పాం. శ్రద్ధగా విని, "నేను మొదట్నుంచీ అదే చెప్పాను గదరా, తిండిలోనే ఉందని," అంది. అయితే ఆ వారమే సామ్రాజ్యానికి వంటిల్లు అప్పగించింది. అమ్మ తప్పు ఒప్పుకోవటమంటే అదే.

బాపట్ల వెళ్ళేటప్పుడు దారి పొడుగునా నాకు సంతోషంగా ఉంది. అత్తగారి మీద మచ్చ పోయింది, ఆ మాట నా నోటితో చెప్పబోతున్నాను. వెళ్ళీ వెళ్ళకముందే అరుగు మీదే చెప్పేశాను.

"మీరేం చేయలేదండి. డాక్టరుగారు తేల్చి చెప్పారు. నా కండలోనే ఉంది లోపం."

ఆవిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. కుడి అరచేతిలో చర్మం తెల్లగా, నున్నగా ముడుచుకుపోయి ఉంది, రెండు వేళ్ళు పూర్తిగా తెరుచుకోవడం లేదు. లోపలికి వెళ్ళబోయి ఆగింది.

"మరి ఏంటి పడదన్నారు బాబూ? తెలిస్తే ఈసారి జాగ్రత్తగా వండుతాను."

నేను సామ్రాజ్యం వైపు చూశాను. సామ్రాజ్యం నేల వైపు చూసింది. దాచటానికి వీల్లేదు, నేను అక్కడ భోంచేయాలి.

"తీపి పడదంట అమ్మా. అన్నం కూడా ఎక్కువ తినకూడదంట," అంది సామ్రాజ్యం.

"బొబ్బట్లా?"

"ఊఁ."

"పరమాన్నం?"

"అవునమ్మా."

"పాలల్లో పంచదార వేసి పట్టాను. పడిపోయినప్పుడు. గ్లాసులకు గ్లాసులు పట్టాను."

నేను గబగబా చెప్పుకుపోయాను. చారల గురించి, లావు పోగులూ సన్నపోగులూ ఒకదాని మధ్యకు ఒకటి జారడం గురించి, ఉప్పు గురించి. నా చేతివేళ్ళు కూడా జరిపి చూపించాను. పుట్టుకతోనే ఉందండి, మీ వంట కాకపోతే ఇంకొకరి వంటకు పడేవాణ్ణి, మా అమ్మ పెట్టినా పడ్డాను, నేను వండుకున్నా పడ్డాను అన్నాను. ఆవిడ అంతా విన్నది.

"కీడు చేసేదేదీ పెట్టలేదని ప్రమాణం చేశాను బాబూ," అంది. "పెట్టానన్నమాట."

"తెలిసి పెట్టలేదు కదండి."

"తెలిసి అని నేను అనలేదు. అప్పుడు ఆ మాట అనాలని తోచలేదు."

లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట మామగారు వడ్డించారు.

ఇది జరిగి ఏడేళ్ళవుతోంది. నాకు జబ్బు తిరగబెట్టలేదు. అత్తగారు నాకు మళ్ళీ వడ్డించలేదు, తనూ తీపి తినడం మానేసింది. కాని అది కాదు నేను చెప్పాలనుకున్నది. సామ్రాజ్యం నీళ్ళోసుకున్నప్పుడు ఆవిడ తొమ్మిది నెలలూ కంటి మీద కునుకు లేకుండా గడిపింది. సామ్రాజ్యానికి జలుబు చేసిందని ఎవరన్నా చెబితే మొదటి బండికి బాపట్లలో ఎక్కి, తెనాలిలో మారి, రేపల్లెలో దిగి, గుమ్మంలోంచే కూతురి మొహం చూసి, నుదురు తాకి, అప్పుడు ఊపిరి పీల్చుకుంటుంది. ఆ ముడుచుకున్న చేత్తోనే తాకుతుంది. కూతురి మీదే కదా ఒట్టు పెట్టింది. ఎన్ని గుళ్ళకు తిప్పినా, ఎందరు పంతుళ్ళ చేత చెప్పించినా ఆ భయం పోలేదు.

అందుకని సామ్రాజ్యం తన ఒంట్లో బాగుండకపోతే పుట్టింటికి తెలియనివ్వదు. ఇప్పుడు పది రోజులుగా తనకు జ్వరం. వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది. మందులు వాడుతున్నాం, మామూలు జ్వరమే అన్నారు. పొద్దున కూడా మంచం మీంచి, "అమ్మకు చెప్పకండి," అంది.

చెప్పలేదు. ఈ కాగితం మీద నా జబ్బు గురించి రాస్తున్నాను, పక్కగదిలో తను దగ్గుతోంది. నాకు పోగుల సంగతి తెలుసు, ఉప్పు సంగతి తెలుసు, నా కండను నా కళ్ళతో చూసినవాణ్ణి. ఒట్లూ ప్రమాణాలూ మనుషుల్ని ఏమీ చేయలేవని ఎవరికైనా చెప్పగలను. తను దగ్గిన ప్రతిసారీ కలం ఆపి, తర్వాతి ఊపిరి వినిపించేదాకా ఆగుతున్నాను. నాకు భయంగా ఉంది.